బదులు రాని మాట

సిరిల్ ఇంట్లో లేడని వినగానే నీలవేణికి ముందు ఊరట కలిగింది, ఆ వెనకే ఊరట కలిగినందుకు సిగ్గు వేసింది. పూరీ గేట్‌లో అన్నయ్య ఇంటి నుంచి అదే ఖరగ్‌పూర్‌లోని ఖరిదా దాకా టోటో అనే బ్యాటరీ రిక్షాలో కూర్చున్నంతసేపూ, తలుపు తీసేది అతనే అయితే మొదట ఏ మాట అనాలా అని కూడబలుక్కుంటూనే వచ్చింది. తలుపు తీసింది సిరిల్ వాళ్ళమ్మ, ఆలిస్ అత్త. గడప అవతల నిలబడ్డ మనిషి ఎవరో తెలియనట్టు ఒక్క క్షణం చూసి, పక్కకు తప్పుకుని, "నువ్వా. రా, కూకో. కృపారావు ఇంట్లో నీళ్ళ మోటారు పాడైపోనాదంట, నిమ్‌పురా ఎల్లినాడు. ఓ గంటలో వచ్చేస్తాడు" అంది. ఆ మాటలో కోపం లేదు, సంతోషమూ లేదు, రైల్వే ఆస్పత్రిలో నర్సుగా చేసినన్నాళ్ళూ వార్డు బయట నిలబడ్డవాళ్ళతో మాట్లాడిన గొంతే అది. అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపలి గదిలో విల్‌ఫ్రెడ్ మావయ్య బెంగాలీ వార్తలు పెట్టుకున్నాడు. ఆ చప్పుడుకు ముందుగదిలో అద్దాల బీరువా సన్నగా అదురుతోంది. వర్క్‌షాపులో బాయిలర్ల మధ్య ఉద్యోగమంతా గడిపినవాడు, ఆయనకు ఆ మాత్రం గట్టిగా ఉంటే తప్ప వినిపించదు, ఈ ఇంట్లో టీవీ ఎప్పుడూ ఇంతే. చిన్నప్పుడు ఆ చప్పుడు వీధి మొగ దాకా వినిపించేది, అది విని సిరిల్ వాళ్ళింట్లో ఏ కార్యక్రమం వస్తోందో తన ఇంట్లో కూర్చునే చెప్పేది తను. బీరువా పక్కన గోడ మీద తెల్ల చొక్కా, భుజాల మీద పైలట్ల బంగారు చారలతో సిరిల్ ఫొటో ఉండేది. ఇప్పుడు ఆ మేకుకు చర్చివాళ్ళ కేలండర్ ఉంది. మార్చి నెల పేజీ. ఫేన్ గాలికి అంచు లేచి పడుతోంది.

గంట. గంటసేపు ఇక్కడ కూర్చోవచ్చు, లేదా మళ్ళీ వస్తానని చెప్పి లేచిపోవచ్చు. లేచిపోతే ఇక రాదు, తన సంగతి తనకు తెలుసు. మొదటి మాట ఏమనాలి, బాగున్నావా అనాలా, ఆ మాట ఎంత తేలికగా ఉంటుంది, ఎలా ఉన్నావు అంటే ఇంకా తేలిక, క్షమించు అంటే దేనికి అని అడుగుతాడు, అడిగితే చెప్పడానికి తన దగ్గర ఉన్నదేమిటి, తను చేసింది తప్పు కాదని విచారణలో పెద్దవాళ్ళంతా కూర్చుని తేల్చారు కదా. తన పనే మాటలు. విమానాశ్రయం టవరులో అద్దాల గదిలో నిలబడి, బయలుదేరే విమానాలకూ దిగే విమానాలకూ ఒకదాని తర్వాత ఒకటి అనుమతులు ఇవ్వడం. అన్నయ్య హరిబాబు దాన్ని స్టేషన్ మాస్టరు ఉద్యోగం అంటాడు, జెండా లేదు అంతే తేడా అంటాడు. మాట ఇవ్వడం అందులో సగం పనే. పైలట్ ఆ మాటను తిరిగి చెప్పాలి, తిరిగి చెప్పింది సరిగ్గా ఉందో లేదో చెవి పెట్టి వినడం మిగతా సగం, అసలు సగం. టేకాఫ్ అనే మాటను కూడా ఊరికే వాడకూడదు. విమానం నిజంగా పరుగు తీయవలసిన ఆ ఒక్కసారి తప్ప ఆ మాట నోట రాకూడదు, లేకపోతే దాని కోసమే కాచుకుని ఉన్న మనిషి చెవికి అది ముందే వినబడిపోతుంది. ఈ పాఠాలన్నీ మొదటి నెలలో నేర్చుకున్నప్పుడు ఫోనులో సిరిల్‌కి చెప్పేది. అతను అప్పుడు ఎక్కడో ఎర్రమట్టి ఊళ్ళో చిన్న విమానాల మీద శిక్షణలో ఉండేవాడు, మా వైపు కూడా అదే పాఠం అనేవాడు. ఖరగ్‌పూర్ రైల్వే స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరం ఒకే ఉద్యోగానికి అటు చివరా ఇటు చివరా తేలాం అని నవ్వుకునేవాళ్ళు. ఆమెకు ఒక మహానగరంలోని విమానాశ్రయానికి పోస్టింగ్ వచ్చింది, అతని కంపెనీ విమానాలు రోజూ అక్కడికే వచ్చేవి. గాలిలో అతని గొంతు వినిపించిన మొదటిసారి ఆమె చేతిలో పెన్ను జారిపోయింది. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడుకోవడానికి వీలుండదు, అందరూ వింటూంటారు. చివర్లో అతననే గుడ్ డే మాత్రం కొంచెం సాగేది. ఆ సాగిన కాస్తా తనది.

ఆ రోజు ఆ సాగడం లేదు, ఆ సంగతి కూడా ఆమె తర్వాతే గమనించింది. అక్టోబరు ఉదయం, తెల్లారేసరికి వాన వెలిసింది, వాన వల్ల ఆలస్యమైన విమానాలన్నీ ఒకదాని వెనక ఒకటి తోకలు ఊపుకుంటూ నిలబడి ఉన్నాయి. రెండు రన్‌వేలు కత్తెరలా ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్ళే విమానాశ్రయం అది. ఒకదాని మీద ఏదైనా కదిలితే రెండోది ఆగి ఉండాలి. సిరిల్ వాళ్ళ విమానాన్ని పెద్ద రన్‌వే మీదికి వచ్చి ఆగమంది. ఆగుతామని అతను సరిగ్గానే తిరిగి చెప్పాడు. అడ్డ రన్‌వే మొదట్లో ఇంకో విమానం, దాని నంబరులోనూ అవే అంకెలు, వరుస మాత్రం వేరు. దానికి టేకాఫ్ ఇచ్చింది. బదులుగా ఒక్కసారే రెండు గొంతులు వచ్చాయి, ఒకదాని మీద ఒకటి పడి ఇనుము మీద ఇనుము రాసినట్టు కీచుమంది, ఆ కీచు చివర అడ్డ రన్‌వే వాళ్ళ నంబరు తేటగా వినిపించింది. బదులు చెప్పవలసినవాళ్ళే చెప్పారు కదా అనుకుని దిగడానికి వస్తున్న తర్వాతి విమానం వైపు చూపు తిప్పింది. మళ్ళీ తల ఎత్తేసరికి పెద్ద రన్‌వే మీద తెల్లటి ముక్కు ఒకటి కదులుతోంది, మెల్లగా కాదు. ఆగండి అంది. నంబరు చెప్పి ఆగండి అంది. బదులు లేదు. మళ్ళీ అంది, ఈసారి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అప్పుడు సిరిల్ కాదు, పెద్దాయన, కెప్టెన్ బ్రహ్మానందం, ఆపుతున్నాం అన్నాడు. చక్రాల కింద నుంచి పొగ లేచింది. అడ్డ రన్‌వే మీది విమానం అప్పటికే నేల వదిలి ఆ కూడలి మీదుగా ఎగిరిపోయింది, దాని నీడ పొగ మీద పడి దాటిపోవడం ఆమె అద్దంలోంచి చూసింది. ఎవరూ పోలేదు. ఒక ఎయిర్‌హోస్టెస్ భుజం కీలు తప్పింది. ఆ కూడలికి కాస్త ఇవతలే ఆగకపోయి ఉంటే రెండు విమానాల నిండా జనం.

మైకు ముందు నుంచి ఆమెను లేపేశారు, అది పద్ధతి, తప్పు పట్టి కాదు. ఆ విమానంలో రెండో పైలట్ నాకు తెలిసిన మనిషి అని పై అధికారికి అప్పుడే చెప్పింది. అయితే విచారణలో నీ మాట తీసుకునేదాకా అతనితో మాట్లాడొద్దు అన్నాడాయన. ఆ సాయంత్రం సిరిల్ ఫోన్ చేశాడు. మంచం మీద దుప్పటి మడతలో ఫోను అదురుతూ పక్కకు జరుగుతూ ఉంటే కాళ్ళు ముడుచుకుని చూస్తూ కూర్చుంది. ఆగింది, మళ్ళీ మోగింది, మళ్ళీ ఆగింది. మాట్లాడొద్దన్నారు కాబట్టి ఎత్తలేదని తనకు తాను చెప్పుకుంది, అది నిజమే, కాని ఆ నిజం కింద ఇంకొకటి నక్కి ఉంది. ఆ ముందటి క్రిస్మస్ నుంచి ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి, చేస్తే చేశాడు లేకపోతే లేదు, పండగలకి ఒక మెసేజి. అలాంటివాడు ఇప్పుడు వదలకుండా చేస్తున్నాడంటే ఎందుకు చేస్తాడు, అవసరం పడింది కాబట్టి, కాస్త చూసి చెప్పు అనడానికి, ఇంతకాలం కనబడని నీలవేణి ఇప్పుడు కనబడిందా. ఈ మాట ఆమె మనసులో ఇంత తేటగానే అనుకుంది, దానికి ఇప్పుడు బొంకడానికి లేదు. విచారణలో టేపు వేశారు. తన గొంతు, ఆ కీచు, మళ్ళీ తన గొంతు. మిషన్ల మీద రెండు గొంతుల్నీ విడదీశారు. కింద పడిపోయిన గొంతు సిరిల్‌ది, తనది కాని అనుమతిని తన నంబరుతో తిరిగి చెప్పాడు, ఏ తడబాటూ లేదు. సరిగ్గా ఆ క్షణంలో కెప్టెన్ ఏదో దీపం వెలిగితే దాన్ని చూస్తున్నాడట, మనకేనా అని అడిగాడట, మనకే అన్నాడట సిరిల్. మీ తప్పేమీ లేదు అని ఆమెకు చెప్పారు, సిరిల్ వైపు సంగతి ఇంకేమీ చెప్పలేదు. రెండు గొంతులు కలిసినప్పుడు రెండోది ఎవరిదని అడిగి ఉండవచ్చు కదా అని ఆమే అడిగింది. అడిగి ఉంటే మంచిదే అన్నారు వాళ్ళు, అడగకపోవడం తప్పు అని మాత్రం రాయలేమన్నారు. విచారణ అయిన మర్నాడు ఆమె సిరిల్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత ఆ నంబరే లేదన్నారు. అతను ఖరగ్‌పూర్ వెళ్ళిపోయాడని చాలా రోజులకు అన్నయ్య చెప్పాడు, ఏటో ఖాళీగా తిరుగుతున్నాడు, పలకరిస్తే పలకడం లేదు అన్నాడు.

పలకరిస్తే పలకడం లేదు. ఆ మాట అప్పుడు విన్నది, పొగరనుకుందో బాధనుకుందో, విని ఊరుకుంది.

ఆలిస్ అత్త టీ తెచ్చింది, ప్లేటులో ఇక్కడివాళ్ళు ముడి అనే మరమరాలు వేయించి వేరుశెనగ పలుకులు కలిపి తెచ్చింది. ఎదురుగా కూర్చుని కొంగుతో చేతులు తుడుచుకుంటూ అన్నయ్య పిల్లల సంగతి అడిగింది, వదిన సంగతి అడిగింది. ఉద్యోగం మానేయలేదు కదా నువ్వు అంది. లేదంది నీలవేణి. మంచిదంది అత్త. లోపల వార్తలవాడు అరుస్తున్నాడు. ఏదో ఒకటి అనకుండా ఉండలేక, సిరిల్‌కి నా మీద కోపం ఉంటుంది అత్తా, ఉండాలి కూడా, ఆ రోజు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు, అని చెప్పేసింది. అత్త ఆ మాటను పట్టించుకోనట్టే ప్లేటు ఇటు జరిపింది. తర్వాత, "కోపమేటి. అందరి మీదా అలాగే అనిపిస్తాది ఇప్పుడు. ఎడం పక్క నుంచి పిలిస్తే తిరగడు గదా" అంది.

"ఏటి అత్తా?"

"ఎడం చెవి. నీకు సెప్పలేదేటి?" ఆమె ముఖంలోకి చూసి, చెప్పలేదని తెలుసుకుని, అత్త కొంగు ఒళ్ళో పెట్టుకుంది. "లోపల చిన్న ఎముకేదో బిగిసిపోతున్నాదంట. ఎప్పటి నుంచో మెల్లిగా పోతున్నాది. అంతకు ముందేడు పరీక్షలో ఎలాగో గట్టెక్కినాడు, జలుబు సేసిందని సెప్పి. ఆ గొడవ అయినాక ఆడే ఎల్లి సెప్పుకున్నాడు, ఎవులూ అడక్కుండానే. రెండో చెవిలో కూడా మొదలైనాదన్నారు. ఇంక విమానం ఎక్కనివ్వలేదు." ఒళ్ళో కొంగు అంచు మడత పెట్టింది. "నాను నర్సుని నీలూ. ఎంతమంది చెవులు సూసినాను, ఎంతమందికి మందులేసినాను. నా ఇంట్లో నా కొడుక్కి ఇనిపించట్లేదని నాకు తెలీలేదు. ఈయన కోసం అందరం అరుచుకునే బతికినాం గదా. ఆడు గట్టిగా మాట్లాడితే నాన్న కోసమే అనుకున్నాను."

పాలు మరిగినట్టున్నాయని లేచి వెళ్ళిపోయింది. పాలు మరగలేదని నీలవేణికి తెలుసు.

టీ చల్లారుతోంది. ఎడమ చెవి. ఫోనులో మాట్లాడుతూ ఉంటే మధ్యలో ఒక్కసారి గరగరమని, ఒక్క నిమిషం అనేవాడు, ఫోను అటు చెవి నుంచి ఇటు చెవికి మార్చుకునేవాడన్నమాట. ఏటి, ఏటన్నావు, మళ్ళీ సెప్పు, అనేవాడు, పరధ్యానం అని విసుక్కునేది, ఎవరితోనో మెసేజిలు చూసుకుంటున్నాడని ఒకసారి ఫోను పెట్టేసింది కూడా. హోటల్లో కూర్చుంటే ఎప్పుడూ గోడకి ఎడమ పక్క ఆనించి కూర్చునేవాడు. తను అతనికి కుడివైపే ఎందుకు ఉండేదో ఎప్పుడూ ఆలోచించలేదు, అలా కుదిరేది, అతను కుదిర్చేవాడు. సినిమాకి రావడం మానేశాడు. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి చూసేవాడు కాదు, గర్వం వచ్చింది అని స్నేహితురాలు పూజ అంటే నవ్వి ఊరుకుంది, ఊరుకోవడమంటే ఒప్పుకోవడమే. రోజుకి ఎన్ని గొంతులు వింటుంది తను, జ్వరంతో ఉన్న పైలట్ గొంతు గుర్తు పడుతుంది, కొత్తవాడి భయం గుర్తు పడుతుంది, ఇంగ్లీషు సరిగా రాని విదేశీ పైలట్ తిరిగి చెప్పేటప్పుడు ఏ అంకె దగ్గర తడబడతాడో ముందే తెలుసు. ఆగండి అంటే మొదటిసారి బదులు రాలేదు, రెండోసారి పెద్దాయన పలికాడు, టేపులో అది అందరూ విన్నారు, తనూ విన్నది, సిరిల్ ఎందుకు పలకలేదో అక్కడ కూర్చున్న వాళ్ళలో తను ఒక్కతే ఊహించగలిగి ఉండేది, బిత్తరపోయి ఉంటాడులే అనుకుంది.

క్రిస్మస్. ఇక ఆ రోజు నుంచి తప్పించుకోవడానికి లేదు, తలుపు తట్టకుండానే లోపలికి వచ్చేసింది. అంతకు ముందటి ఏడు క్రిస్మస్‌కి ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది, అలా దొరకడం అదే మొదలు. చర్చి నుంచి బయటికి వచ్చాక నిమ్‌పురా యార్డు పక్క రోడ్డు మీద నడిచారు, చలి, సాయంత్రం, వేగన్లు ఒకదానికొకటి తగిలించే చప్పుడు వరసగా ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతోంది. అతను తన వేపు కాకుండా యార్డు వేపు చూస్తూ నడుస్తున్నాడు. అటుపక్క బురదగా ఉందని తను ఇటు వచ్చి అతనికి ఎడమ పక్కన నడిచింది. ప్రతి ఏడూ వాయిదా వేసిన మాట, నీ డ్యూటీలు నా డ్యూటీలు కుదరనీ అని, మీ అన్నయ్య ఏమంటాడో మా అమ్మ ఏమంటుందో అని ఇద్దరూ వెనక్కి తోస్తూ వచ్చిన మాట, ఆ సాయంత్రం ఎందుకో తేలికగా నోటికి వచ్చింది. ఈ పండక్కి ఇంట్లో చెప్పేద్దామా అంది. చిన్నగానే అంది. అలాంటి మాట ఎవరైనా ఎంత గట్టిగా అంటారు. అతను నడుస్తూనే ఉన్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు, అడుగు తడబడలేదు. కాసేపటికి, ఇంజను మార్చినట్టున్నారు అన్నాడు, యార్డు వేపు చూస్తూ. ఆమెకు చెవుల దాకా వేడెక్కింది. ఇదీ ఒక జవాబే అనుకుంది, మర్యాదగా కాదనడం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది, రెండోసారి అడిగి చిన్నబోవడం ఎందుకనుకుంది. మర్నాడే సెలవు తగ్గించుకుని రైలెక్కింది. ఆ తర్వాత ఫోనులో తన గొంతే మారిపోయింది, పని గొంతయిపోయింది.

బదులు రాకపోతే మళ్ళీ అడగాలి. మౌనాన్ని జవాబు కింద తీసుకోకూడదు, అవునని గాని కాదని గాని. తిరిగి చెప్పించుకునేదాకా ఆ మాట చేరినట్టు కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు తనే నేర్పుతుంది ఇది, గట్టిగా నేర్పుతుంది, ఇది మరిచిపోయినవాళ్ళని మైకు ముందు కూర్చోనివ్వదు. తన మాట ఒక్కటి, జీవితంలో అడిగిన ఆ ఒక్క మాట, వెళ్ళి ఎవరి చెవిలోనూ పడకుండా వేగన్ల మధ్య పడిపోతే, దాని మీద ఏడాది అలిగి కూర్చుంది. ఆ అలకే ఫోను ఎత్తనివ్వలేదు. అతనిది చెవి. తనకేమయింది.

గేటు చప్పుడయింది. సైకిల్ గోడకు చేర్చిన చప్పుడు, కుళాయి తిప్పిన చప్పుడు. నీలవేణి లేచి వాకిట్లోకి వచ్చింది. సిరిల్ ఇటు వీపు, ఎడమ భుజం పెట్టి కుళాయి దగ్గర వంగి, మోచేతుల దాకా అంటిన గ్రీజు సబ్బుతో తోముకుంటున్నాడు. చిక్కాడు. జుట్టు పెరిగింది. పేరు పెట్టి పిలిచింది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి, అతను తోముకుంటూనే ఉన్నాడు. ఎప్పుడో జరిగిన ఒక సాయంత్రం మళ్ళీ కళ్ళ ముందు జరుగుతున్నట్టు, ఈసారి దాన్ని పక్కన నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. చుట్టూ తిరిగి అతని ఎదుటికి వెళ్ళింది.

అతను తలెత్తాడు. కుళాయి కట్టేశాడు. "ఎప్పుడొచ్చినావు?"

పొద్దున వచ్చానంది. మోటారు బాగయిందా అని అడిగింది, అడగాలనుకున్న వాటిలో అది లేదు. బాగయిందన్నాడు, బేరింగు పోయిందన్నాడు, కృపారావు ఇంట్లో అందరూ అరిచి మాట్లాడుతున్నారని, అమ్మ ఊరంతా చెప్పేసినట్టుందని నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. ఆమె ముఖం చూసి, నీకూ చెప్పిందన్నమాట అన్నాడు. అవునంది. ఇద్దరూ వాకిట్లో అరుగు మీద కూర్చున్నారు, ఆమె కుడివైపు. కూర్చునేటప్పుడు అతను అది గమనించాడు. గోడకవతల టోటోలు పోతున్నాయి, లోపల టీవీలో పాటలు మొదలయ్యాయి.

"ఆ సాయంత్రం నీకు చేసినాను" అన్నాడు.

"తెలుసు."

"నా మీద ఏటీ సెప్పొద్దని అడుగుతాననుకున్నావేటి?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది గాని రాలేదు. "అనుకున్నాను."

అతను తల ఊపాడు, అది ముందే తెలిసినట్టు. తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ, చెవి సంగతి ముందు నీకు చెబుదామని చేశానన్నాడు. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకి కూడా చెప్పలేదు. కొత్త ఊళ్ళలో, కొత్త గొంతులతో, వాల్యూం మొత్తం పెంచి, చెమటలు పట్టి వినేవాడు, అందుకే అక్కడ ఎప్పుడూ తప్పు పోలేదు. "నీ గొంతు వస్తే మాత్రం సుకంగా ఉండేది నీలూ. ఇనక్కర్లేదనిపించేది. నువ్వేటంటావో, ఏ మాట తర్వాత ఏ మాటంటావో నాకు తెలుసు గదా అని. ఆయేల మేం నిలబడినాం, నువ్వేదో అన్నావు, తర్వాత ఆ మాటే అంటావు గదా, నాను ఇన్నట్టే తిరిగి సెప్పేసినాను." తువ్వాలు మడిచాడు. "నువ్వు ఎత్తుంటే, నువ్వేటి సెయ్యమంటే అది సేద్దామనుకున్నాను. ఎత్తలేదు. పొద్దున్న ఎల్లి కంపెనీవోల్లకే సెప్పేసినాను. ఎత్తుంటే ఏటి సెప్పుందువు?"

చెప్పెయ్యమని అనేదా. నోరు మూసుకో, ఆపరేషన్ చేయించుకుని తిరిగి రావచ్చు, నీ కలంతా పోతుంది అనేదా. విమానాల నిండా జనం ఉన్న ఆ ఉదయాన్ని కళ్ళారా చూసి కూడా అలా అనగలిగేదా. అతని గొంతు ఫోనులో వణికి ఉంటే అనగలిగేదేమో. "తెలీదు" అంది. అది ఆ రోజు మొత్తం మీద ఆమె చెప్పిన నిజాల్లోకెల్లా కష్టమైనది. అతను దానికి కోపం తెచ్చుకోలేదు. నాకూ తెలీదు అన్నాడు.

ఆలిస్ అత్త అన్నం తిని వెళ్ళమంది, అన్నయ్య ఎదురు చూస్తుంటాడని లేచింది. సిరిల్ రోడ్డు దాకా వచ్చాడు. బజారు వేపు మలుపులో టోటోలు నిండుగా పోతున్నాయి, ఖాళీది కోసం నిలబడ్డారు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె పోతూ సిరిల్‌ని పలకరించింది. ఆ పిలుపు ఎటువైపు నుంచి వచ్చిందో చూసుకుని తల తిప్పి, బాగున్నానని, భాలో దీదీ అన్నాడు. ఎంత శ్రమ అందులో. అలా చూడడం ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నాడో.

"ఆ క్రిస్మస్‌కి, యార్డు పక్కన నడుస్తున్నప్పుడు," అన్నాడు రోడ్డు వేపే చూస్తూ, "నువ్వేటో అడిగినావు."

ఆమె అతని వేపు తిరిగింది.

"ఓరకంట నీ పెదాలు ఆడడం సూసినాను. మాట అందలేదు. మళ్ళీ అడిగితే నీకు తెలిసిపోద్దని ఇంజను గురించి ఏదో అనేసినాను. తర్వాత నువ్వు మాట తగ్గించేసినావు. అప్పుడనిపించింది, పెద్ద మాటే అయ్యుంటాదని. ఎన్నో సార్లు అడుగుదామనుకున్నాను, అడిగితే ఇనిపించలేదని ఒప్పుకోవాలి గదా. ఏటన్నావు?"

ఏమీ లేదనవచ్చు. చలి ఎక్కువగా ఉందన్నాననవచ్చు. ఇప్పుడు ఆ మాట చెప్పడమంటే పోయినవాటిలో ఇంకొకటి తెచ్చి అతని చేతిలో పెట్టడమే. కాని అడిగినవాడికి చెప్పకుండా ఉండే హక్కు తనకు ఇక మిగల్లేదు. అతని కుడివైపుకు ఒక అడుగు వేసి, ప్రతి మాటా విడివిడిగా చెప్పింది. "ఈ పండక్కి ఇంట్లో సెప్పేద్దామా అన్నాను. మన సంగతి."

సిరిల్ గోరు కింద మిగిలిపోయిన గ్రీజును ఇంకో గోటితో తీస్తూ నిలబడ్డాడు.

"ఇనుంటే అవుననేవోణ్ణి" అన్నాడు.

రోడ్డు అవతల ఎవరో షట్టరు పైకి లేపారు. ఆమె కళ్ళు ఆ షట్టరు మీదే పెట్టుకుని నిలబడింది. ఇప్పుడో అని అడగడానికి నోట మాట సిద్ధంగా ఉంది, అతనే అది చూశాడు.

"ఇప్పుడు అడక్కు నీలూ. ఇప్పుడు అడిగితే నువ్వు జాలికి అడిగినట్టుంటాది, నాను అవునంటే గతి లేక అన్నట్టుంటాది. ఇద్దరికీ తేలదు."

అడగలేదు. ఖాళీ టోటో ఒకటి వచ్చి ఆగింది, నడిపేది ముసలాయన, పూరీ గేటా అన్నాడు, అవునంది. ఎక్కి కూర్చుంది. సిరిల్ పక్క కమ్మీ పట్టుకుని నిలబడి, ఈస్టర్ అయ్యాక కలకత్తాలో ఆపరేషన్ అని చెప్పాడు, ఎడమది ముందు చేస్తారట, వినికిడి కొంత రావచ్చట, విమానం సంగతి మాత్రం ఎవరూ మాట ఇవ్వలేదట. అమ్మ ఒక్కతే వస్తానంటోంది, నాన్నని వదిలి ఆవిడ అక్కడ ఎలా కూర్చుంటుందో తెలియడం లేదు అన్నాడు. తర్వాత కమ్మీ మీద చేతిని చూసుకుంటూ, "సెలవు దొరికితే రా. అమ్మకి తోడుంటాది" అన్నాడు.

అమ్మకి. అంతే ఇచ్చాడు, ఇవ్వగలిగింది అంతే. ఏడాది కిందట అయితే ఆ మాటలో ఏం లేదో వెతికి చూసుకుని ఉండేది. వస్తానంది. సరిగ్గా అప్పుడే వెనక ఆగిన బస్సు హారను కొట్టింది, టోటో ముసలాయన బండి ముందుకు పోనిచ్చాడు. "ఆగండి దాదా" అంది. బండి ఆగింది. దిగి, వెనక్కి నాలుగడుగులు నడిచి, బస్సు వెళ్ళిపోయేదాకా అతని ఎదురుగా నిలబడి, మళ్ళీ చెప్పింది, వస్తాను అని.

"వస్తావు" అన్నాడు సిరిల్.

అప్పుడు వెళ్ళి టోటో ఎక్కింది.